తారుమారైన జీలకర్ర బిస్కెట్లు

మా అత్తమ్మకు షుగర్ వచ్చినప్పటిసంది చాయిల బిస్కెట్ బంద్. అందుకే ఇయ్యాల మైదా, చక్కెర, డాల్డా మాని గోధుమపిండి, జీలకర్ర, మీగడ కలిపి, కాజీపేట బేకరి బట్టీల బిస్కెట్లు కాల్పించుకొచ్చిన. ఇంటికొచ్చి డబ్బా తీస్తే ఎవరియో తియ్యటి బిస్కెట్లు! బట్టీల మారిపోయినయి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పొద్దుగూకంగ రైల్వే క్వార్టర్లల్ల ఉండే ఒకామె, బట్టీల మా ఇల్లు తెలుసుకొని, మా బిస్కెట్లు పట్టుకొచ్చింది.

"అక్కా, ఏమనుకోకు, సగమే మిగిలినయి. మా మామకు గూడ షుగరే. ఇన్నాళ్లకు చాయిల ముంచుకొని తిన్నడు."

మా అత్తమ్మ ఒకటి కొరికి చూసి, మిగిలినయన్ని ఆమె తియ్యటి బిస్కెట్లతోపాటే కట్టిచ్చింది. "తీస్కపో బిడ్డా. నాకు మా కోడలు రేపు మళ్ల చేస్తది."

నా చేతివంటను అత్తమ్మ మెచ్చుకునుడు ఇదే మొదలు. మీ ఇండ్లల్ల షుగరోళ్లుంటే ఇయ్యాల్నే చెప్పున్రి, పిండి జర ఎక్కువ కలుపుత.