ఆడవాళ్ళ దర్వాజా ముందు తామరకొలను

మా ఆయన బొమ్మలు వేసేవారు. ఆయన ఇంటి చుట్టూ తవ్వించిన తామరకొలనును ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పత్తర్‌గట్టి వెనక సందులో మాది పెద్ద ఆవరణ ఉన్న పాత ఇల్లు. పెరటి గోడలో ఒక చిన్న దర్వాజా ఉండేది. అవతలిది ముస్లింల ఇల్లు. ఆ ఇంటి కోడలు నాకంటే చిన్నది, పరదా మనిషి. వీధిలోంచి రావాలంటే బండికి తెర కట్టాలి, వెంట మగమనిషి ఉండాలి. ఈ దర్వాజాలోంచైతే పొయ్యి మీద కూర పెట్టి కూడా వచ్చేది. పగలు గొళ్ళెం పెట్టే పనే లేదు. మగవాళ్ళు అటు వెళ్ళకూడదు, కన్నెత్తి చూడనైనా చూడకూడదు. రెండిళ్ళలోనూ అదే మర్యాద.

యుద్ధం రోజుల్లో నేను పురిటికి పుట్టింటికి వెళ్ళాను. ఇంట్లో ఆడదిక్కు లేదు. అప్పుడే ఆయనకు నీళ్ళ మీద మోజు పుట్టింది. వరండాలో కూర్చుని నీటిలో పడే వెలుగును బొమ్మల్లోకి దించాలట. నాలుగు వైపులా తవ్వించి, జల్‌పల్లి చెరువు నుంచి తామర దుంపలు బండ్ల మీద తెప్పించి, మోట కట్టి బావి నీళ్ళు నింపించారు. వీధి గుమ్మం ముందు మాత్రం రాతి వంతెన వేయించారు. తన స్నేహితులు రావాలి కదా.

నేను తిరిగొచ్చిన రోజే పిల్లను ఆమెకు చూపిద్దామని పెరట్లోకి వెళితే, గోడ దాకా నీళ్ళే.

"దర్వాజా ముంగట తవ్విచ్చిన్రేంది?"

"ఏ దర్వాజా?" అన్నారాయన.

ఆకు మీద నీటిబొట్టు ఎటు జారుతుందో గంటలకొద్దీ చూసే మనిషికి, పెళ్ళాం రోజూ ఎటు పోయి వస్తుందో తెలియదు. మర్యాదకని అటు చూడలేదట. చూడకపోతే పోనీ, అడగడానికి నోరు లేదా?

వెంట వచ్చిన మా అమ్మ చేతిలో పిల్లను పెట్టి, చీర ఎగదోపుకుని నీళ్ళలోకి దిగాను.

"తామరలు తొక్కుతున్నవు, జర చూసి నడువు" అన్నారు ఆయన వెనక నుంచి.

కావాలనే తొక్కాను. మా గొళ్ళెం తీసి తలుపు కొట్టాను. అవతల గొళ్ళెం తీయడానికి చాలాసేపు పట్టింది. ఎప్పుడూ నవ్వుతూ ఎదురొచ్చే మనిషి నవ్వలేదు.

"మంచిగున్నవా అక్కా? కిల్లా చుట్టు తవ్వినట్టు ఖందకం తవ్విచ్చిన్రు, మనం రావొద్దనే అన్నది మా అత్త. నేను కాదన్న. గానీ మీ దిక్కు నుంచి ఒక్కలు పలకరియ్యలే."

"ఆయనకు గీడ దర్వాజా ఉన్నదనే తెల్వదంట" అన్నాను. ఉన్నమాటే చెప్పాను. నా చెవులకే అది అబద్ధంలా వినిపించింది.

మర్నాడే కూలీలను పిలిచి, ఆయన ముఖం చూడకుండా, దర్వాజా దాకా మట్టి పోయించి దారి వేయించాను. ఆమె మళ్ళీ వచ్చింది, పిల్లను ఎత్తుకుంది. కానీ ఒకప్పుడు తలుపు తోసుకుని నేరుగా వంటింట్లోకి వచ్చే మనిషి, ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా గడప అవతలే నిలబడి, "రావొచ్చునా అక్కా?" అని అడిగేది.