మధురానగర్‌లో శాంతిసేన

మధురానగర్‌లోని ఆ లేడీస్ హాస్టల్ వార్డెన్ స్వరూప ఎప్పుడూ నిటారుగానే నడుస్తుంది. ఆమె చీర కుచ్చిళ్లు కూడా యూనిఫాం మడతల్లా ఉంటాయి. సీఆర్పీఎఫ్‌లో ఉండగా, అంతర్యుద్ధం ముగిసిన లైబీరియాకు వెళ్లి, ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో ఏడాదిపాటు పనిచేసి వచ్చింది. అమీర్‌పేటలో జావా నేర్చుకునే నలభైమంది అమ్మాయిలకు రెండే బాత్రూములున్న చోట ఆ అనుభవం వృథా పోలేదు.

ఒక పొద్దున కాకినాడ మంజూషకు పంజగుట్టలో ఇంటర్వ్యూ, సిద్దిపేట అనుపమకు ఏడింటికి క్లాసు. ఇద్దరూ ఒకే తలుపు గొళ్లెం పట్టుకున్నారు. "ఏంటండీ ఈ దౌర్జన్యం?" అంది మంజూష. "నా బకెట్ పొద్దుగాలనే పెట్టిన!" అంది అనుపమ. క్షణంలో ఇద్దరి వెనకా సైన్యాలు తయారై మగ్గులు లేచాయి. స్వరూప వచ్చి మధ్యలో నిలబడింది. మీద నీళ్లు పడ్డా కదల్లేదు. "ముందుగాల ఆయుధాలు కింద పెట్టుండ్రి," అని బకెట్లూ మగ్గులూ తన గదిలో పెట్టి తాళం వేసింది. ఇద్దరూ కూర్చుని వంతుల పట్టీ రాసి సంతకాలు చేశాకే తీసింది. ఆ రోజు మొదటి వంతు మంజూషకు రాసింది అనుపమే.

వారం తిరక్కుండానే ఆ ఇద్దరూ భుజాలు రాసుకుంటూ ఆమె గదికి వచ్చారు.

"అక్కా, మీ సాంబారులో పప్పే కనబడట్లేదండీ," అంది మంజూష.

"మేమందరం ఒక్కటే మాట మీదున్నం," అంది అనుపమ.

స్వరూప ముఖం వెలిగిపోయింది. "ఆడ లైబీరియాల సుత గింతే. రెండు వర్గాలు కలిసి మమ్ముల తిట్టిన నాడే, ఇగ మేం ఇంటికి పోవచ్చనుకున్నం," అంటూ, సాంబారు సంగతి తేల్చకుండానే తలుపు వేసుకుంది.