తెర బయట కూర్చోబెట్టిన మనిషి

షాహిదాకు ఒక గర్వం ఉండేది. నరసరావుపేటలో ఒక పిల్లల ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళుగా నర్సు. ఆడపిల్లకు మూత్రపు సంచిలోకి గొట్టం వేయడం తల్లికి నేర్పాలంటే ముందు గది ఖాళీ చేయించేది. "మగోళ్ళు బయటికి పోండి. ముసలోళ్ళూ బయటికే. రేపు పెళ్ళి కావాల్సిన పిల్ల, నలుగురి నోళ్ళలో పడాలా?" అంటూ తెర లాగేసేది. నిజం చెప్పొద్దూ, ఆ పిల్లల మానం గురించి అంత పట్టింపు ఉన్న మనిషి అక్కడ మరొకరు లేరు. డాక్టరు కూడా ఆమెను అడిగే తెర తీసేవాడు.

రొంపిచెర్ల దగ్గరి పల్లె నుంచి ధరణి తన కూతురు సాయి ప్రియను తెచ్చినప్పుడూ అదే పద్ధతి. పిల్లకు ఏడేళ్ళు. పుట్టుకతోనే నడుం మీద గడ్డ, దానికి ఆపరేషను. కాలీడుస్తూ నడక వచ్చింది గానీ మూత్రం మీద అదుపు రాలేదు, ఆ నరాలు పనిచేయవు. మూడో ఏటి నుంచీ నాలుగు గంటలకోసారి సన్నని గొట్టం వేసి మూత్రం తీయాల్సిందే. అయినా మధ్యమధ్యలో కారిపోయేది. బడిలో పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. అందుకని డాక్టరు పిల్లకు మత్తిచ్చి, మూత్రపు సంచి గోడకు ఇంజెక్షన్లు చేశాడు.

ఆ సాయంత్రం తెర వెనక షాహిదా కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది.

"ఈ సూది సంచిని బిగుసుకోనివ్వదు. ఇక కారదు. కానీ తనంతట తాను ఖాళీ కూడా కాదు. అందుకని గొట్టం మానకూడదు, ఇదివరకటి కన్నా జాగ్రత్తగా వెయ్యాలి. సూది బలం ఏడెనిమిది నెలలే, మళ్ళీ చేయించాలి. తెలిసిందా?"

ధరణి తలూపింది. అంతా తిరిగి అప్పజెప్పింది కూడా. బయట బల్ల మీద ఆమె అత్తగారు సుబ్బరత్నమ్మ రెండు గంటలు కూర్చుంది. "ఏందమ్మా చెప్పింది?" అని అడిగితే, "ఇక కారదంట అత్తయ్యా!" అంది ధరణి, సంతోషం పట్టలేక. ఆమెను తప్పుపట్టడానికి ఎవరికి నోరొస్తుంది? ఏడేళ్ళుగా తడిగుడ్డలు ఉతికిన చేతులవి.

నాలుగు నెలలకు, మిరప చేలకు మందు కొట్టే రోజుల్లో, పిల్లను ఆటోలో వేసుకుని పరుగున వచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది, ఆగని వాంతులు. స్కానింగులో మూత్రపిండాలు రెండూ ఉబ్బి కనిపించాయి. ఎడమది పూర్తిగా చెడిపోయింది, కుడిదైనా నిలబడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు.

షాహిదాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమే ధరణీ, చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? గొట్టం ఎప్పుడాపావు?"

వెనకే ఉన్న సుబ్బరత్నమ్మ ముందుకొచ్చింది.

"దాన్ననమాక, నేనే ఆపించా. అది వద్దనే అంది, నేను వింటేగా! నెల రోజులు చూశా, చుక్క కారలా. జబ్బు పోయిందనుకున్నా. ఇది తలుపేసుకుని గొట్టం వేస్తంటే లోపల పిల్ల ఒకటే ఏడుపు. అది వినలేక ఒట్టేయించుకుని మరీ మానిపించా. కోటప్పకొండకు పోయి మొక్కు కూడా తీర్చొచ్చాం."

షాహిదా ఆమె వైపు తిరిగింది.

"పెద్దమ్మా, మీ చేలో డ్రిప్పు ఉందా?"

"ఉంది."

"గేటువాల్వు కట్టేసి మోటారు ఆడిస్తే ఏమవుద్ది?"

"నీళ్ళు ఎనక్కి తంతయ్. పైపు ఉబ్బుద్ది, మోటారుక్కూడా చానా..." అంటూ మాట మధ్యలోనే ఆగిపోయింది. మంచం మీదున్న మనవరాలి నడుం వైపు చూసింది.

"ఇంత చిన్న ముక్క," అంది చివరికి. "ఆ రోజు నాకెందుకు చెప్పలా తల్లీ? బయట కూర్చోమన్నావ్, కూర్చున్నా. నీ మాట కాదన్నానా?"

ఇళ్ళలో పెత్తనం ఎవరిదో షాహిదాకు తెలియదా? తెలిసీ, మానం కాపాడుతున్నానంటూ ఇన్నేళ్ళూ ఆ పెద్దవాళ్ళనే బయటికి పంపింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

వారానికి జ్వరం దిగింది. కుడి మూత్రపిండం ఒక్కదాన్నే నమ్ముకోవాలని, ఇక మీదట ఒక్క పూట కూడా గొట్టం తప్పకూడదని డాక్టరు తేల్చి చెప్పాడు. సుబ్బరత్నమ్మ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కొచ్చి, "నాకూ నేర్పు," అంది. షాహిదా ఆమెను తెర లోపలికి తీసుకెళ్ళింది. ముసలామె గొట్టం పట్టుకుని పిల్ల మీదికి వంగింది.

"నొప్పైతే చెప్పవే బంగారం, ఆపేస్తా."

"నొప్పేంది నాయనమ్మా? అక్కడ నాకేం తెలవదుగా."

"మరి రోజూ ఎందుకేడ్చేదానివే?"

"బయట పిల్లలు ఆడుకుంటంటే అమ్మ పోనిచ్చేది కాదు. అందుకు."

సుబ్బరత్నమ్మ గొట్టం పక్కన పెట్టేసింది. "ఒక్కసారన్నా అడగలేదే నిన్ను," అంటూ కూలబడబోయింది. ధరణి గోడ వైపు తిరిగి నోట్లో కొంగు కుక్కుకుంది. షాహిదాకూ కళ్ళు నిండిపోయాయి, అయినా ముసలామె మణికట్టు పట్టుకుని నిలబెట్టింది.

"ఏడుపు తర్వాత, పెద్దమ్మా. ముందు గొట్టం వెయ్యి. టైమయింది."