పక్కబల్ల గొట్టాలు బిగించింది నేనే

మా షెడ్డులో ప్లైవుడ్ కోత గురించి ఆటోనగర్‌లో ఎవరినైనా అడగండి, మంచిమాటే చెబుతారు. ఏళ్ల తరబడి ఆ మంచిమాట నేనొక్కణ్ణే తీసుకున్నాను. అంతకన్నా చెడ్డపని, నా తప్పును మా బావమరిది చేతికి అంటగట్టాను. అతని చెయ్యి గురించి నేనన్న మాట ఇప్పటికీ కొందరు నమ్ముతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ పనిలోకి రాకముందు నేను ఇళ్ల కట్టుబడి చేయించేవాణ్ణి. గోడైనా గడపైనా రసమట్టం పెట్టి, గాజులో బుడగ నడిమికి వస్తేనే నాకు నిద్ర పట్టేది. కోత మిషను కొన్నప్పుడూ ఆ అలవాటు పోలేదు. మిషనుకు ఒక నడిమి బల్ల, అందులోంచి పైకి తేలే రంపపు చక్రం ఉంటాయి. పెద్ద షీట్లు ఆనడానికి పక్కన ఇంకో బల్ల వేస్తారు. దాన్ని మోసేవి రెండు ఇనుప గొట్టాలు. వాటిని నడిమి బల్లకు ముందొకటి, వెనకొకటి బోల్టులతో బిగించాలి.

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, వడ్రంగంలో నాకన్నా ముందున్నవాడు. తాను బిగిస్తానన్నాడు. ఇది కట్టుబడి లాంటిదే, నాకొదిలెయ్యమన్నాను. రసమట్టం పెట్టి, బుడగ నడిమికి తెచ్చి, గట్టిగా బిగించాను. మా ఆవిణ్ణి పిలిచి మరీ ఆ బుడగ చూపించాను.

కోసేది బావమరిదే. చిన్న ముక్కలు చక్కగా తెగేవి. నిండు షీటు కోస్తే మాత్రం అంచు ఏటవాలుగా వచ్చేది. ఆ పలకలతోనే పటమటలో ఒకావిడ వంటింటికి అలమారలు చేశాం. అతుకుల్లో సందులు. ఆవిడ ఒక్కో సందునూ వేలితో తడిమి చూపించింది. బావమరిది పక్కనే నిలబడి ఉన్నాడు.

"పెద్ద షీటు మావాడి చేతికింకా లొంగడం లేదండీ," అన్నాను.

"అయితే చిన్న పనులకి పెట్టుకోండి మరి," అందావిడ.

తిరిగి వచ్చేటప్పుడు అతను, షీటు ఎలా పట్టుకుంటే బాగుంటుందని నన్నే అడిగాడు. దారి పొడుగునా పాఠం చెప్పాను.

ఆ ఆదివారం ఇంట్లోవాళ్లంతా చర్చికి వెళితే నేను షెడ్డుకి వెళ్లి ఒక నిండు షీటు కోశాను. నాకూ ఏటవాలే. పొడవైన అల్యూమినియం పట్టీ తెచ్చి రెండు బల్లల మీదా అడ్డంగా పెట్టి, వంగి చూశాను. బల్లలు కలిసే చోట పట్టీ కింద వెలుతురు కనిపించింది. వాననీళ్లు పోవడానికి షెడ్డు నేలను గుమ్మం వైపు వాటంగా పోయించింది నేనే. మిషను ఆ వాటంలోనే నిలబడి ఉంది. నడిమి బల్ల గుమ్మం వైపు వాలి ఉండగా, నేను పక్కబల్లను బుడగ చూసి మట్టం చేశాను. పెద్ద షీటు ఆ రెంటి మధ్య గాలిలో తేలి, రంపానికి వాలుగా తగులుతోంది. పక్కబల్లను కలపాల్సింది నడిమి బల్లతో, బుడగతో కాదు.

బోల్టులు వదులు చేసి, పట్టీ కింద కాగితం ముక్క కూడా దూరకుండా ముందు గొట్టం, వెనక గొట్టం మార్చి మార్చి సర్ది బిగించాను. ఆ పని మాత్రం బాగా చేశాను, ఇప్పుడూ ఆ మాట అంటాను. సోమవారం నేనే షీట్లు కోశాను. అంచులు అద్దంలా వచ్చాయి.

"నీ చెయ్యి వేరు బావా," అన్నాడతను.

చెప్పాల్సింది అప్పుడే. నవ్వి ఊరుకున్నాను. అతను మెల్లగా మిషనుకు దూరమై సొరుగులు, పాలిష్ పని చూసుకోసాగాడు. ఆ మిషనంటే అతనికి ప్రాణమని నాకు తెలుసు.

ఈమధ్య షెడ్డును గన్నవరం రోడ్డుకి మార్చాం. గొట్టాలు ఊడదీసి మళ్లీ బిగించాల్సి వచ్చింది. అతను సాయానికి వచ్చి, నా పద్ధతి తెలిసినవాడిలా రసమట్టం అందించాడు. దాన్ని పక్కన పెట్టి, జరిగిందంతా చెప్పాను. వేళ్లతో నట్టు ఎక్కిస్తున్న అతని చెయ్యి ఆగింది.

"అంటే నా చేతిలో ఏ లోపమూ లేదా?"

"ఎప్పుడూ లేదు."

"మరి ఇన్నేళ్లూ నాతో పాలిష్ పట్టించావేం బావా?"

అతను పానా నా చేతిలోంచి తీసుకున్నాడు.

"నాకు చెబితే సరిపోదు. పటమట ఆవిడ ముందు అన్నావుగా, ఆవిడ ముందే చెప్పు. అప్పటిదాకా ఈ గొట్టాల జోలికి రాకు."

ఇద్దరం పటమట వెళ్లాం. ఆవిడ అంతా విని, నన్ను వదిలేసి అతనితో మాట్లాడింది. "మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ నీ గురించే చెప్పాను బాబూ. ఇప్పుడు మళ్లీ అందర్నీ పిలిచి మీ బావగారి గురించి చెప్పాలి." అతను నవ్వాడు. నేను తల దించుకున్నాను.

ఆ సాయంత్రమే పట్టీ పెట్టి గొట్టాలు తనే సర్దాడు. నాకన్నా తొందరగా, నాకన్నా కచ్చితంగా సర్దాడు. నిండు షీటు కోసి, అంచుకు మూలమట్టం ఆనించి, ఆ పలక నాకందించాడు. వెలుతురుకెత్తి చూశాను. వెంట్రుకవాసి సందు లేదు. నా పని బాగుందని ఎవరన్నా అంత గర్వం కలగలేదు నాకు.

ఇప్పుడు షీటు ఎవరు కోస్తారని అడిగినవాళ్లకు అతన్ని చూపిస్తాను. అతను నాతో మునుపటంత మాట్లాడడు. నిండు షీటు ఎత్తేటప్పుడు మాత్రం "అటు పట్టు బావా" అని నన్నే పిలుస్తాడు.