అయినవాళ్ల రక్తం

ల్యాబులో నేనేం చేస్తానో మావాళ్లకు అర్థమయ్యేలా చెప్పింది మా పిన్ని ఒక్కతే. "ఏం లేదండీ, ఒకళ్ల కిడ్నీ ఇంకొకళ్లకి పెడితే ఒళ్లు ఎందుకు ఒప్పుకోదో చూస్తుంటుందండీ మా పిల్ల" అని తాడేపల్లిగూడెంలో ఇరుగుపొరుగుకి చెప్పేది. ఇన్నేళ్ల నా పరిశోధన అంతా ఆ ఒక్క వాక్యమే. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. హైదరాబాదులో ఒక ఆస్పత్రి ల్యాబులో పని చేసేదాన్ని. కిడ్నీ ఇచ్చేవాళ్ల తెల్లకణాలు తీసి, పుచ్చుకునేవాళ్ల రక్తంలోంచి తీసిన సీరంలో కలిపి, రంగు చుక్క వేసి మైక్రోస్కోపులో చూడడం నా పని. కణాలు మెరుస్తుంటే బతికున్నట్టు, ఆ కిడ్నీ పెట్టవచ్చు. రంగు పీల్చుకుని నల్లబడితే చచ్చినట్టు. అప్పుడు కిడ్నీ పెట్టినా ఒళ్లు దాన్నీ అలాగే చంపేస్తుంది.

ఆ రోజుల్లోనే మా అక్క కిడ్నీలు రెండూ పాడయ్యాయి. నా గ్రూపు అక్కకు కుదరదు. అమ్మకు షుగరు. కుదిరింది మా బావకే. బావంటే అక్క మొగుడే కాదు, మాకు సొంత మేనమామ కొడుకు కూడా. గణపవరం దగ్గర చేపల చెరువులు చేసేవాడు. "ఒకటి తీసేసుకోండి. గట్టు మీద కూర్చుని మేత వెయ్యడానికి రెండెందుకే నాకు?" అన్నాడు. ఆ దీపావళికి ఏలూరులో అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు అక్క రక్తం కొంచెం తీసుకుని, సీరం వేరుచేసి, మా ల్యాబు ఫ్రీజరులో దాచాను. ముందు నుంచీ నమూనాలు దాచుకోవడం మాకు అలవాటు.

సంక్రాంతి వెళ్లాక అక్కకు రక్తం బాగా తగ్గిపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఏలూరులో ఒక నర్సింగ్‌హోములో రక్తం ఎక్కిస్తున్నారని ఫోనొస్తే రైలెక్కి వచ్చాను. వచ్చేసరికి చుట్టాలంతా వరండాలో ఉన్నారు. రక్తం ఎవరిదన్న మాట అప్పటికే తేలిపోయింది. "అయినవాళ్లం ఇంతమందిమి ఉండగా పరాయివాళ్ల రక్తమా? మేనరికమాయె, వాళ్లిద్దరి రక్తం ఒకటేనండీ" అంటోంది పిన్ని. బావ అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడుచుకుని బల్ల మీద పడుకున్నాడు.

నాకు తెలుసు. ఒకరి రక్తం ఎక్కిస్తే, వాళ్ల కణాలను శత్రువుగా గుర్తుపెట్టుకోవడం ఒంటికి వచ్చేస్తుందనీ, రేపు వాళ్ల కిడ్నీయే కావలసి వస్తే ఆ గుర్తే అడ్డం పడుతుందనీ నాకు తెలుసు. ఎవరి రక్తమైనా ఎక్కించండి, బావది మాత్రం వద్దు అంటే సరిపోయేది. "పిన్నీ, ఒక్క నిమిషం..." అన్నాను. "చాల్లేవే, పెద్ద చదువులు చదివావు గానీ దాని మొహం చూడు, ఎలా పాలిపోయిందో!" అంది. అంతమంది పెద్దవాళ్ల ముందు నేను నోరు మూసుకున్నాను. ఒక్క బాటిలుకే అవ్వాలని ఏముందిలే అనుకున్నాను. నా నోరు పడిపోయిందా ఆవేళ? ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉంటాను.

వేసవిలో అక్కా బావా హైదరాబాదు వచ్చి పరీక్షకు రక్తం ఇచ్చి వెళ్లారు. ఆ పరీక్ష నేనే చేశాను. బావ కణాలన్నీ నల్లబడిపోయాయి. మా ప్రొఫెసరుగారు కూడా చూసి, నా భుజం తట్టి వెళ్లారు. అందరూ వెళ్లాక దీపావళినాటి సీరం తీసి, అవే కణాలతో మళ్లీ చేశాను. ఒక్కటీ చావలేదు. అన్నీ మెరుస్తూ కనిపించాయి. దీపావళికి పనికొచ్చిన కిడ్నీ ఇప్పుడు పనికి రాకుండా పోయింది. మధ్యలో జరిగింది ఆ ఒక్క బాటిలే.

అప్పటి నుంచి అక్క వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు విజయవాడ వెళ్లి వచ్చేది. డాక్టర్లు తాగనిచ్చేది రోజంతా కలిపి మూడు గ్లాసుల నీళ్లు, అంతే. చుట్టూ చెరువులు, కాలవలు, కొల్లేరు. ఆ మనిషికేమో తాగడానికి నీళ్లు లేవు. నేను వెళితే చెంబు నిండా మంచినీళ్లు తెచ్చి, "నువ్వు తాగవే, నేను చూస్తాను" అనేది. గటగటా తాగేదాన్ని. అంత చల్లని నీళ్లు మళ్లీ ఎక్కడా తాగలేదు అక్కా, అని ఈ రోజుకీ చెప్పాలనిపిస్తుంది.

ఒక మధ్యాహ్నం అక్కా నేనూ బావ చెరువు గట్టు మీద కూర్చుని ఉండగా దానికి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదే?" అంది.

"అందరూ ఉన్నారక్కా."

"ఉంటే?"

అక్క నీళ్లకేసి చూసింది. అవతలి గట్టు దగ్గర బావ పడవలో నిలబడి చేపల మేత సంచులు కర్రలకు కడుతున్నాడు. "సరేలే. ఆయనకి మాత్రం చెప్పకు. నాకు రక్తం ఇచ్చానని ఊరంతా చెప్పుకుని ఎంత మురిసిపోతున్నారో తెలుసా? నా మీద ఒట్టు" అంది.

తర్వాత ఏడాదిన్నర బతికింది. ఇప్పుడు మా ల్యాబుకు వచ్చే ప్రతి ఇంటివాళ్లకూ, కిడ్నీ ఇచ్చేవాళ్ల రక్తం ఎక్కించొద్దన్న ఆ ఒక్క మాట గొంతు చించుకుని చెబుతాను, పెద్దవాళ్లున్నా సరే. కొందరు కసురుకుంటారు. కసురుకోనీ. కానీ అవేమీ అక్కకు అందవు. దాని గొంతు వినాలని ఉంటుంది, "ఏమే" అని ఒక్కసారి పిలిస్తే చాలుననిపిస్తుంది.

సంవత్సరీకానికి వెళ్లినప్పుడు భోజనాలయ్యాక బావ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు.

"నా కిడ్నీ ఎలాగూ పనికి రాలేదు. నా రక్తమన్నా దానికి పనికొచ్చింది కదే?" అని అడిగాడు. "నువ్వు చదువుకున్నదానివి, నిజం చెప్పు."

"వచ్చింది బావా" అన్నాను.

బావ కళ్లు తుడుచుకున్నాడు. "అప్పుడే ఇంకో బాటిలు కూడా ఇవ్వాల్సింది" అన్నాడు.