గట్టు మీది పరుగు, గోధుమ చేలో దారి

మా చిన్నప్పుడు... కాలవ తూము దగ్గర నీళ్ల వంతు మా పొలానికి వచ్చిందంటే, ఆ కబురు నాన్నకు చేర్చే పని నాదే. మా బాబాయి తూము మీద నిలబడి కండువా ఊపుతూ "పరిగెత్తరా చిన్నోడా!" అని కేక వేసేవాడు. అంతే... చెప్పుల్లేని కాళ్లతో గట్టు మీద పడేవాణ్ణి.

నేను ఆలస్యం చేస్తే నాన్న గట్టుకు గండి పెట్టి మడవ తీసేలోపే నీళ్లు కింది పొలానికి పోతాయి. మళ్లీ వంతు వచ్చేదాకా మా వరి ఎండాల్సిందే.

వరి మధ్యలోంచి అడ్డంగా పోతే చిటికెలో చేరొచ్చు. కానీ పైరు మీద కాలు పెట్టడం మా ఇంట్లో లేదు. గట్టు ఎన్ని వంకరలు తిరిగితే నేనూ అన్ని తిరగాలి... రొప్పుతూ వెళ్లి నిలబడితే నాన్న ముందు నా కాళ్ల వంక చూసేవాడు. వాటికి గట్టు మట్టి మాత్రమే ఉంటే "ఊఁ" అని పార అందుకునేవాడు. ఆ "ఊఁ" చాలు నాకు. ఆ రోజంతా కడుపు నిండినట్టుండేది.

ఆ కాళ్లే ఇప్పుడు ఇంగ్లండులో పరిగెడుతున్నాయి.

నార్తాంప్టన్‌కు కాస్త ఎడంగా ఒక చిన్న పల్లె. మా అమ్మాయి రాధ ఇక్కడ నర్సు. మనవరాలు మేఘకు సెప్టెంబరులో స్కూలు క్రాస్ కంట్రీ జట్టు ఎంపిక. ఎండాకాలం సాయంత్రాలు ఊరి చుట్టూ పరిగెత్తి సాధన చెయ్యాలని దాని పట్టుదల. చర్చి వెనక కంచెకున్న చెక్కమెట్లు ఎక్కి దిగితే గొర్రెల బీడు. అది దాటితే పెద్ద గోధుమ చేను. ఆపైన వాగు, చెక్క వంతెన, మళ్లీ ఊరు.

"ఒక్కదాన్నే పంపను. తాతయ్య కంటికి కనపడుతూ ఉంటేనే" అంది రాధ.

"తాతయ్య ఈజ్ ఓల్డ్, మమ్మీ!"

"ఆయన పరుగు నువ్వు చూళ్ళేదులే."

నేను బూట్ల తాళ్లు కట్టుకున్నాను.

బీడు దాకా బాగానే ఉండేది. చిక్కంతా గోధుమ చేను దగ్గరే... దారి చూపే పసుపు బాణం సరిగ్గా చేను మధ్యకే చూపిస్తుంది. సన్నటి బాట కూడా ఉంది. మేఘ అందులోంచి దూసుకుపోయేది. నాకు మాత్రం కాలు ఆడేది కాదు. నడుమెత్తు పైరు... అందులోకి ఎలా దిగడం? అంచున గడ్డిలో పడి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. ఆ మూల పొదల చాటున పిల్ల కనపడేది కాదు. అది చేనుకు అవతల, రోడ్డు పక్కనున్న గేటు దగ్గర విసుగ్గా నా కోసం కాచుకుని ఉండేది.

ఒకరోజు రాధ డ్యూటీ నుంచి కార్లో వస్తూ గేటు దగ్గర పిల్ల ఒక్కతే నిలబడి ఉండటం చూసేసింది.

"శనివారం నేనే వచ్చి చూస్తాను. నాన్నా, దాని వెంట నువ్వు ఉండలేకపోతే ఈ పరుగులు ఇక బంద్. జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఉంది."

కొండా బురదా దాటే పరుగుకి ట్రెడ్‌మిల్ పనికిరాదని మేఘ వాదించింది. మాటలన్నీ ఇంగ్లీషులోనే... ఏడుపు మాత్రం అచ్చం మా ఇంటి ఏడుపే.

శనివారం వచ్చింది. రాధ అవతలి గేటు దగ్గర నిలబడింది. మేఘ, నేను చర్చి దగ్గర బయలుదేరాం. చేను మొదట్లో ఆ చేను రైతు కంచె బాగుచేస్తున్నాడు. నా ఈడు మనిషే. నేను అలవాటుగా అంచుకు తిరిగాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. ముందు నా కాళ్ల వంక చూశాడు.

అదే చూపు. మా నాన్న చూపు.

ఆయన చెప్పింది మేఘ తన వచ్చీరాని తెలుగులో చెప్పింది. "తాతా, ఆ ఎడ్జ్‌లో బర్డ్స్ గూళ్లు పెడతాయంట. గడ్డి వాటికోసమే వదిలాడంట. నువ్వు రోజూ అదే తొక్కుతున్నావంట! మధ్యలో పాత్ మనకోసం. అక్కడ ఆయన ఏం పెంచడంట."

పైరును కాపాడుతున్నాననుకుంటూ పిట్టల ఇళ్ల మీద నడిచానన్నమాట.

"పైరు తొక్కకూడదని మా నాన్న చెప్పాడమ్మా... ఆయనకు చెప్పు" అన్నాను. మేఘ చెప్పింది. ఆయన పెద్దగా నవ్వాడు. పైరు తొక్కితే వాళ్ల నాన్నా చెవి మెలేసేవాడట. ఇది మాత్రం అందరికీ హక్కున్న పాత దారట. మేఘ అప్పటికే బాట పట్టింది. "పో, పో, పిల్ల వెళ్లిపోతోంది" అన్నట్టు చేత్తో తరిమాడు.

వంగి ఒక కంకిని తాకి కళ్లకద్దుకున్నాను. అడుగు వేశాను. కింద గట్టి నేల... మా గట్టంత గట్టిగా ఉంది. ఇంకేం కావాలి? పరిగెత్తాను. రెండువైపులా కంకులు అరచేతులకు తగులుతున్నాయి. ముందు మేఘ జడ ఎగురుతోంది. ఒక్కసారి కూడా అది నా చూపు దాటలేదు.

"మమ్మీ! తాతా వాజ్ రైట్ బిహైండ్ మీ!"

రాధ చేతులు కట్టుకుని మమ్మల్ని ఇద్దర్నీ చూసింది.

"ఊఁ" అంది. జేబులోంచి కారు తాళాలు తీసింది.

మా నాన్నను రాధ ఎరగదు. ఆ "ఊఁ" ఎక్కడ నేర్చిందో మరి...

ఇప్పుడు మా ఊళ్లో నీళ్ల కబురు ఫోనులో వెళుతోందట. గట్టు మీద పరిగెత్తే పిల్లలే లేరట. ఇక్కడ మాత్రం రేపు సాయంత్రం మేమిద్దరం మళ్లీ వెళుతున్నాం. చిన్నప్పుడు మీరు ఏ కబురు మోసుకుని ఎటు పరిగెత్తేవారో రాయండి... బూట్లు విప్పుకుంటూ చదువుకుంటాను.