చీరల పెట్టె మూత మీద పంపు బొమ్మ

మా పక్కింటి మామ పోయాడని పోయిన నెల సూరత్ పాండేసరలో డ్యూటీ మీద ఉండగా ఫోనొచ్చింది. పొద్దున చాయ్ తాగుతూనే ఒరిగిపోయాడట. ఫోను పెట్టేశాక ముందు ఏడుపు రాలేదు, సిగ్గొచ్చింది. ఎందుకో ఇక్కడ చెప్పుకోవాలి.

మామ అంటే చుట్టరికం కాదు. ఎప్పుడో సిరిసిల్ల వైపు నుంచి ఇక్కడి బమ్రోలికి వచ్చి, కార్ఖానాలో మరమగ్గాలు బాగుచేసే మాస్టరుగా స్థిరపడ్డాడు. గల్లీలో మిక్సీ ఆగినా, మోటార్ సైకిల్ మొరాయించినా జనం ఆయన గడపే తొక్కేవారు. ఏది విప్పాలన్నా ముందు ఒక అట్ట అడిగేవాడు. సూరత్‌లో చీరల పెట్టెలకు కరువా? విప్పుతున్న సామాను బొమ్మ ఆ పెట్టె మూత మీద గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే పొడిచి నిలబెట్టేవాడు. "దేని జాగల దాన్ని ఉండనియ్యి అల్లుడా, గప్పుడే ఇంజను మన మాటింటది" అనేవాడు.

రెండేళ్ల కింద నా పాత కారులో వాటర్ పంపు కారడం మొదలైంది. కొత్తది తెచ్చాను. మా ఇంటి ముందే మామ పాతది విప్పాడు. ఆరు బోల్టులు మూత మీది బొమ్మ చుట్టూ బుద్ధిగా నిలబడ్డాయి. అంతలో ఆయనకు సాయంత్రం షిఫ్టు వేళయింది. "పొద్దుగాల వచ్చి నేను బిగిస్త. నువ్వు జర ఆగు, బోల్టులు ముట్టకు" అని చెప్పి పోయాడు.

మర్నాడు పొద్దున్నే గల్లీవాళ్లను నలుగురిని పర్వత్ పాటియాలో ఒక నిశ్చితార్థానికి తీసుకెళ్తానని గొప్పగా మాటిచ్చి ఉన్నాను. ఆయన వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుందని, తగుదునమ్మా అంటూ ఆ రాత్రి నేనే కూర్చున్నాను. బోల్టులకు మసి ఉందని అన్నిటినీ ఒకే గిన్నెలో వేసి కిరోసిన్‌తో కడిగాను. తళతళలాడాయి. ఏది ఎక్కడిదో మాత్రం తెలియలేదు. తోచిన చోట పెట్టి బిగించేసి, అట్టను గోడ వారన పడేశాను.

సగం దారిలో ఇంజను ఆవిరి కక్కింది. పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు, వాళ్లతో వచ్చిన ఒక పెద్దాయన ఎండలో కాసేపు నిలబడి, నన్ను తిట్టలేక ఆటో ఎక్కి వెళ్లిపోయారు. తర్వాత ఒక మెకానిక్ పంపు విప్పి చూపించాడు. పొట్టి బోల్టు ఉండాల్సిన రంధ్రంలో పొడుగు బోల్టు ఉంది. అడుగు తగిలి ఆగిపోయింది కాబట్టి చేతికి బిగుసుకున్నట్టే అనిపించింది. పంపు మాత్రం వదులుగా ఉండి నీళ్లన్నీ కారిపోయాయి. ఆ మాట విన్నది నేనొక్కణ్నే.

సాయంత్రం గల్లీలో అందరూ చుట్టుముడితే, మామ చేశాడని చెప్పాను. సగం ఆయనే చేశాడు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అప్పుడే ఆయన షిఫ్టుకు బయల్దేరి అటు వచ్చాడు. పొద్దున కారెక్కిన ఆ పెద్దాయన అందరి ముందూ అడిగేశాడు.

"ఏంది మాస్టరూ, గిట్ల జేసినవ్?"

మామ నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూశాను.

"తప్పయింది" అన్నాడు. టిఫిను డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆయన గడపకు మిక్సీలు రావడం తగ్గింది. మగ్గాల మాస్టరుకు బండ్ల సంగతి ఏం తెలుసని నవ్వుకునేవారు. నేను పెదవి విప్పలేదు. ఆయన మాత్రం ఎదురుపడితే ఎప్పటిలాగే, బండి మంచిగుందా అల్లుడా అని అడిగేవాడు. తలూపి తప్పించుకునేవాణ్ని. నా అంత పిరికివాడు ఆ గల్లీలో ఇంకొకడు లేడు.

ఆయన పోయిన పదకొండో రోజు భోజనాల దగ్గర ఎవరో ఆ ఆవిరి కథ ఎత్తారు. ప్రేమగానే నవ్వారు. నేను విస్తరి ముందు నుంచి లేచి లోపలికి పోయి అత్తకు, అంటే ఆయన భార్యకు, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకెందుకు జెప్తున్నవ్ బిడ్డా? బయట కూసున్నోళ్లకు జెప్పు" అంది. ఆయన పనిముట్ల పెట్టెలోంచి ఒక అట్ట తీసి చేతిలో పెట్టింది. "గిది నీ బండిదట. మల్ల పంపు మారిస్తే ఇయ్యమన్నడు."

బయటికొచ్చేసరికి విస్తళ్లు ఎత్తేశారు. షిఫ్టు వేళ కావడంతో అందరూ వెళ్లిపోయారు. వాళ్లు చదువుతారనే రాస్తున్నాను. ఆ పంపు బిగించింది నేను.

అట్ట ఇప్పుడు కారులోనే ఉంది. అదే చీరల పెట్టె మూత, అదే పంపు బొమ్మ, అవే ఆరు రంధ్రాలు. నేను గోడ వారన పడేసిన రోజు దాని మీద అక్షరాలు లేవు. ఇప్పుడు ఒక్కో రంధ్రం పక్కన పెన్సిలుతో, వంకర రాతలో ఉంది: పొడుగు, పొట్టి, పొట్టి, పొడుగు, పొట్టి, పొట్టి.